గోడకెక్కిన ఎరువు

పోయిన నెల మా అపార్టుమెంటులో కింది అంతస్తువాళ్ళు గృహప్రవేశం చేసుకుంటూ హోమం చేయించారు. పిడకల కోసం ఎక్కడికీ పోనక్కర్లేదట, ఫోనులో నొక్కితే ఇంటికే వచ్చాయట. ప్లాస్టిక్ కవరులో డజను, అన్నీ ఒకే కొలత, గుండ్రంగా, పలచగా బిస్కెట్ల మాదిరి. ఆ పొగ మెట్లెక్కి, బాల్కనీలన్నీ చుట్టి, మా వంటింట్లోకి దూరింది. పక్కింటి ఆవిడ గుమ్మంలో నిలబడి కళ్ళు మూసుకుని, "ఎంత కమ్మటి వాసనండీ, చిన్నప్పుడు మా అవ్వ వాళ్ళ ఊరు గుర్తొస్తోంది" అంది. నేను తలుపులూ కిటికీలూ బిగించి, ఫ్యాను వేసి, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. మా మనవరాలికి నవ్వొచ్చింది. ఆసుపత్రిలో నలభై ఏళ్ళు నర్సుగా చేసి, కుళ్ళిన పుండ్లు కడిగినప్పుడు కూడా ముఖం చిట్లించని ముసలమ్మకు పిడకల పొగ పడకపోవడమేమిటని దాని వింత. దానికి ఆ పూట ఏమీ చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

మా ఊరు పుంగనూరు నుంచి సదుం పోయే దారికి కాస్త లోపలగా ఉండేది. ఇరవై ఇళ్ళు, సున్నం కొట్టిన చిన్న గుడి, గుడి వెనక రాళ్ళగుట్ట. మేం క్రైస్తవులం, ఆదివారం గంట మోగితే తల దువ్వుకుని చాపల మీద కూర్చునేవాళ్ళం, సోమవారం తెల్లవారితే అందరితో పాటు చేలల్లో ఉండేవాళ్ళం. మా నాన్నకు అమ్మ, మా అవ్వ, పేరు రూతమ్మ. తాత పోయేనాటికి నాన్నకు మూడేళ్ళు, అత్త చంటిపిల్ల. భాగాలు పంచుకునేటప్పుడు మరుదులు నీళ్ళ వసతి ఉన్నవి తాము ఉంచుకుని, గుట్ట కింద ఏటవాలుగా పడి ఉన్న ఎర్రనేల ఆమెకు చూపించారు. రాళ్ల చేను అనేవాళ్ళు దాన్ని. అందులో ఏమీ పండదు, నాలుగేళ్ళు చూసి ఆమే పుట్టింటికి పోతుందిలే అని వాళ్ళ లెక్క. అవ్వ పోలేదు. రాళ్ళు ఏరి గట్టు కట్టింది, ఎండాకాలం చెరువు ఎండితే అడుగున ఉండే నల్లమట్టిని తట్టలతో నెత్తిన మోసింది, దారిన పోయే గొర్రెలవాళ్ళకు సంగటి పెట్టి బతిమాలి మందను చేలో నిలబెట్టించుకుంది. నేను పుట్టేనాటికి ఊళ్ళో రాళ్ల చేను అనే మాట ఎవరి నోటా లేదు. రూతమ్మ చేను అనేవాళ్ళు.

అవ్వ ఇంట్లో ఒక కట్టుబాటు పెట్టింది. చేనికి ఎవరు పోయినా ఉత్త చేతుల్తో పోకూడదు. గంపెడు ఎరువే మోయమని కాదు. పొయ్యిలో బూడిద పిడికెడు, దారిలో దొరికిన మేకపెంటికలు, రాలిన ఆకులు, ఏదో ఒకటి చేతిలో ఉండాలి. నేను గౌను ఒడిలో మేకపెంటికలు ఏరుకుని పోయేదాన్ని. చుట్టపుచూపుగా వచ్చిన మా మామను కూడా అవ్వ వదలలేదు. ఇస్త్రీ చొక్కా వేసుకుని చేను చూస్తానన్న మనిషి చేతికి బూడిద చిప్ప ఇచ్చి పంపింది. ఎందుకవ్వా అని నేనొకసారి అడిగాను.

"బాలింతను సూసేదానికి ఉత్త చేతుల్తో పోతామా పాపా? చేను గూడా అంతే. ఏటేటా కనేదే గదా."

చేని గట్టున పదకొండు కానుగ చెట్లు ఉండేవి, అన్నీ అవ్వ నాటినవే. ఎండలు ముదిరేవేళకు పాత ఆకంతా రాలి, లేతాకు వేసి, పూత పూసేవి. ఆ పూలు పేలాలు చల్లినట్లు చేనంతా పరుచుకునేవి, వాటి చుట్టూ తేనెటీగల రొద చెవులు గింగురుమనిపించేది. పిల్లలం కానుగాకు చుట్టి పీకలు ఊదుకుంటూ, ఎండు కాయలతో అచ్చనగండ్లు ఆడుకుంటూ పొద్దంతా ఆ నీడనే ఉండేవాళ్ళం. తొలి వానకు ముందు అవ్వ కొమ్మలు నరికించి, ఆకుతో సహా చేలో పరిచి దున్నించేది. ఇంటి వెనక దిబ్బలో ఏడాదంతా మాగిన పేడ, చెత్త బండ్లతో తోలి చల్లించేది. ఆ దిబ్బ దగ్గర మాత్రం అవ్వ ముఖం చూడాలి! నోట్లో వక్కాకు నములుతూ, నడుం మీద చేతులు పెట్టుకుని, కొత్తగా కొన్న ఎద్దును చూసుకున్నట్లు చూసుకునేది.

విత్తనానికి ముందు ఆమెకొక పరీక్ష ఉండేది. పదును వాన పడిన మర్నాడు చేలో కూర్చుని, పిడికెడు మట్టి తీసుకుని, గట్టిగా పిసికి, చెయ్యి విప్పేది. మట్టి ముద్దగా నిలబడి, దాని మీద నాలుగు వేళ్ళ అచ్చూ కనబడితే తల ఊపేది. మాకందరికీ చూపించేది. పక్క చేనివాళ్ళ మట్టి పిసికితే అచ్చు పడకుండానే పొలపొలా రాలిపోయేది, అది చూసి అవ్వ నోరు మెదపకుండా మూతి మాత్రం ఒక పక్కకు తిప్పేది. గర్వం పాపమని మా గుడి పాస్టరు అయ్యగారు ప్రసంగంలో చెప్పినప్పుడు ఆమె నిద్రపోయిందేమో నాకు తెలియదు.

ఆ చేలో రాగి పంట నా ఎత్తు పెరిగేది. నడుమ సాళ్ళలో అనప, కంది, అలసంద. చలికాలం వచ్చిందంటే అనపకాయలు వలిచి, గింజలు నానబెట్టి, పొట్టు పితికి, ఇల్లంతా కూర్చుని పితికిపప్పు చేసేవాళ్ళం. వేళ్ళ సందుల్లోంచి గింజలు ఎగిరి అయ్యగారి కోడిపిల్లల దాకా పోయేవి. వేడి సంగటి ముద్దలో గుంట చేసి, ఆ పితికిపప్పు పులుసు పోసుకుని తింటుంటే ముక్కు కారేది, కారినా లేవబుద్ధి పుట్టేది కాదు. కోతలవగానే గుడిలో కోత పండుగ జరిగేది. ఎవరి చేలో తొలి పంట వాళ్ళు గంపల్లో తెచ్చి బల్ల ముందర పెట్టాలి. గుమ్మడికాయలు, కోడిపుంజులు, సీసాలో నెయ్యి, రాగి వెన్నుల కట్టలు, ఆ రోజు గుడి ప్రార్థనల కన్నా గుమ్మడికాయల వాసనే ఎక్కువ వేసేది. అన్ని గంపల్లోకీ బరువైనది అవ్వ గంప. ఇద్దరు పట్టి దించాలి. ఆరాధన అయ్యాక బెల్లం పాయసం, అలసంద వడలు, కడుపు పట్టినంత.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు, రెండో ప్రపంచ యుద్ధం జరుగుతున్న రోజుల్లో, వానలు ఎగ్గొట్టాయి. రాగులు పోసే గరిసెలో అడుగు కనబడింది. ఊళ్ళో సగం ఇళ్ళు ఒక్కపూటకు దిగాయి, మా ఇల్లు కూడా. అప్పుడు పెట్రోలు దొరక్క, మదనపల్లె నుంచి పుంగనూరు మీదుగా సదుం పోయే బస్సు వెనక పెద్ద ఇనుప పీపా ఒకటి కట్టి, అందులో బొగ్గులు కాల్చి ఆ గ్యాసుతో నడిపేవాళ్ళు. బస్సు మా మిట్ట ఎక్కలేక దగ్గుతుంటే పిల్లలం వెనకనుంచి తోసేవాళ్ళం, తోసి మసి మొహాలతో ఇళ్ళకు వచ్చేవాళ్ళం. అదొక ఆట మాకు. ఆ బస్సులు తినే బొగ్గు ఎక్కడనుంచి వస్తుందో ఎవరం ఆలోచించలేదు. ఒకరోజు బొగ్గు కంట్రాక్టరు మనిషి వచ్చి మా గట్టు మీది కానుగలు చూసి, చెట్లు కొట్టుకోనిస్తే రెండు మూటల జొన్నలు ఇస్తానన్నాడు.

నాన్న మంచివాడు, కానీ ఆకలితో ఉన్న పిల్లల ముందు గట్టిగా నిలబడగలిగినవాడు కాదు. అవ్వ రెండు రోజులు ఆ చెట్ల కిందే కూర్చుంది. మూడోనాడు నా తమ్ముడు సాములు గంజి చాలక గిన్నె నాకుతుంటే చూసి, నాన్నను పిలిచింది.

"చెట్లు కొట్టుకోపోమను. దిబ్బ మాత్రం ముట్టొద్దు. ఆకు పోతే పోయె, పేడన్నా ఉండాది చేనికి. నాకు మాటియ్యి."

నాన్న మాటిచ్చాడు. అమ్మ చేత కూడా ఇప్పించింది. పూత మీదున్న చెట్లను రెండు రోజుల్లో కూల్చేశారు. గుట్ట వెనక బట్టీ పెట్టి, తడిమట్టి కప్పి, వారం రోజులు కాల్చారు. ఆ జొన్నలు మేం తిన్నాం. బాగున్నాయి. అది ఒప్పుకోవాలి.

ఆ ఏడు ఉన్న ఎరువు తోలి, రాగి విత్తాక, కుప్పం దగ్గరి రామకుప్పం నుంచి కబురు వచ్చింది, మా అత్తకు నెలలు నిండాయని. అవ్వ చీర మూట కట్టుకుని కానుపుకు పోయింది. నెలలో వస్తానన్న మనిషి ఏడాది దాటినా రాలేదు. మా అత్త పురిట్లో పోయింది. తల్లిలేని పసిగుడ్డును ఎవరి చేతుల్లోనో పెట్టి రాలేక, అది సంగటి తినే వయసు వచ్చేదాకా అవ్వ అక్కడే ఉండిపోయింది.

ఈ లోపల మా ఇంట్లో పొయ్యి సమస్య మొదలైంది. కానుగలు ఉన్నప్పుడు రాలిన పుల్లలే ఇంటికి సరిపోయేవి, ఆ సంగతి చెట్లు పోయాకే తెలిసింది. గుట్ట మీద పొదలు కూడా బొగ్గుబట్టీలకే పోయాయి. అడవికి పోతే గార్డు కత్తి లాక్కునేవాడు. అమ్మ తెల్లవారక ముందే లేచి, రెండు ఊళ్ళు దాటి పోయి, ముళ్ళకంప మోపుతో మధ్యాహ్నానికి వచ్చి, ఆ పచ్చి కంప మండక పొగకు దగ్గుతూ వండేది. ముసురు పట్టిన ఒక వారం ఆ కంప కూడా లేదు. ఇంట్లో రాగిపిండి ఉంది, నీళ్ళున్నాయి, నిప్పు లేదు. ఆ రోజు అమ్మ కొట్టంలోని పేడ తీసి గోడకు కొట్టింది.

నాన్న చూసి, "అమ్మకు మాటిచ్చినాము గదే" అన్నాడు.

"పొయ్యిలో ఏం పెట్టమంటావు? నా కాళ్ళు పెట్టేదా?" అంది అమ్మ. నాన్న బయటికి వెళ్ళిపోయాడు.

వారం అనుకున్నది అలవాటయింది. పిడకలు కొట్టడం నా పని. ఎందుకు దాచాలి, నాకు అది ఎంతో నచ్చింది. పేడలో వరిపొట్టు కలిపి, ముద్ద చేసి, ఎగిరి గోడకు చరిస్తే చప్పున అంటుకునేది. తీసేసరికి ఐదు వేళ్ళూ అచ్చుగుద్దినట్లు పడేవి. వరసలు తప్పకుండా కొట్టేదాన్ని. గోడ నిండిపోయాక దూరం నిలబడి, ఆ చేతులన్నీ నావే అని చూసుకుని మురిసిపోయేదాన్ని. పుంగనూరులో కట్టెలు దొరక్క పిడకలకు గిరాకీ ఉందని తెలిశాక అమ్మా నేనూ గంపల్లో పెట్టుకుని సంతకు కూడా పోయాం, ఉప్పూ కిరసనాయిలూ తెచ్చుకున్నాం. ఎండాకాలం నాటికి దిబ్బ ఉండాల్సిన చోట చెత్త, ఈకలు, చింపిరి చాప మిగిలాయి. ఆ ఏడు రాగి ఉత్త నేలలో విత్తాం.

రామకుప్పానికి కార్డులు రాసేది నేనే. అక్షరాలు కొత్తగా వచ్చిన రోజులు. నాన్న చెప్పేవాడు, నేను రాసేదాన్ని, అవ్వకు అక్కడి అయ్యగారు చదివి వినిపించేవాడు. ప్రతి కార్డులోనూ అవ్వ అడిగేది ఒక్కటే, దిబ్బ ఎట్లుండాదని. కూతురు పోయిన మనిషిని ఇంకా ఏం ఏడిపిస్తామని నాన్న ఉద్దేశం. "నడుమెత్తు పెరిగిందని రాయి పాపా" అనేవాడు. నేను గుండ్రంగా రాశాను. నడుమెత్తు. ఒకసారి నా అంతట నేనే, "నా భుజాల దాకా వచ్చింది అవ్వా" అని కూడా కలిపాను.

కార్తీకంలో, వెన్నులు పాలు పోసుకునే వేళకు, అవ్వ వచ్చింది. మిట్ట దగ్గర బస్సు దిగి, ఇంటికి రాకుండా నేరుగా చేనికి పోయింది. నేను ఎదురు పరుగెత్తి ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఆ చేతిలో బస్సు పీపా కింద ఏరుకున్న బూడిద మూట ఉంది. రాగి నా మోకాళ్ళ దాకా ఉంది, పసుపు పచ్చగా, వెన్నులు చంటిపిల్ల వేళ్ళలాగా సన్నగా. అవ్వ గట్టు దిగింది. తర్వాత వంగి మట్టి పిసికి చూసింది. చెయ్యి విప్పితే వేళ్ళ సందుల్లోంచి జారిపోయింది.

"వానలు సరిగా లేవమ్మా" అన్నాడు వెనకాలే వచ్చిన నాన్న.

అవ్వ గట్టు అవతల ఉన్న పక్కవాళ్ళ చేను వైపు చూసింది. ఆ వానలకే అది నడుమెత్తు ఉంది. ఆమె ఇంటికి వచ్చి, కాళ్ళు కడుక్కోకుండా, వెనకవైపుకు పోయింది. గోడ నిండా నా చేతులు. చివరి వరస ఆ పొద్దున కొట్టినవే, ఇంకా పచ్చివి. నేను భయపడ్డాను. తిట్టుంటే, కొట్టుంటే ఇంత కాలం గుర్తుండేది కాదేమో. ఆమె ఎండిన పిడక ఒకటి పీకి, కొంగులో కట్టుకుని, లోపలికి వచ్చి పడుకుంది.

కోత పండుగ నాడు ఆ పిడక మళ్ళీ చూశాను. అందరూ ఒక్కొక్కరే లేచి గంపలు పెడుతున్నారు. ఎప్పుడూ ఇద్దరు పట్టే గంపను అవ్వ ఆ రోజు ఒక్కతే, ఒక్క చేత్తో, తెచ్చి బల్ల ముందర పెట్టింది. అయ్యగారు గుడ్డ తీశారు. ఏమీ అర్థం కాక ఆమె వంక చూశారు.

"ఏంది రూతమ్మా ఇది?"

"నా చేను ఈ ఏడు పండింది ఇదే అయ్యగారూ. తొలిపంట దేవునిది గదా, తెచ్చినా. మా పాప చెయ్యి గూడా ఉండాది, సూడండి."

 కోడి ఒకటి గంపలో కొట్టుకుంది. నేను కుడిచెయ్యి గౌను కింద దాచుకున్నాను. ఊళ్ళో చాలా ఇళ్ళ గోడలకు పిడకలు ఉన్నాయి, అందుకే ఎవరూ నవ్వలేదు, ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. అప్పుడు అమ్మ ఆడవాళ్ళ వరసలోంచి లేచింది. తల ఎత్తకుండా నడిచి, గంపలోంచి పిడక తీసుకుని, తలుపు దాటి పోయింది. అవ్వ ఆమె వెనక, నేను అవ్వ వెనక. అమ్మ చేలో చతికిలబడి, పిడకను రాతి మీద పెట్టి, మరో రాతితో నలగ్గొట్టింది. ఏడుస్తూ కొట్టింది. పొడయిన పేడను చేత్తో చల్లుతుంటే గాలికి సగం ఎగిరిపోయింది.

"యాల ఏడుస్తావు మేరీ, లెయ్యి" అంది అవ్వ కొంతసేపటికి. "రేపు పొయ్యిలో పెట్టేదానికి ఏముండాదో సూద్దాం పా."

ఏమీ లేదు. మర్నాడూ పిడకే కాల్చాం. ఇది నేను ఎవరికైనా చెబితే, ఇక్కడ ఏదో మార్పు వచ్చిందని ఆశగా చూస్తారు. ఇరవై ఏళ్ళు పెరిగిన చెట్లు వారంలో బూడిదయ్యాక, ఒక పండుగ నాటి కన్నీళ్ళతో తిరిగి రావు. అవ్వ రోజూ పొద్దున్నే పేడను చేత్తో రెండుగా విడదీసేది, ఒక సగం పొయ్యికి, ఒక సగం చేనికి. పొయ్యికి చాలేది కాదు, చేనికీ చాలేది కాదు. కానుగ మొక్కలు నాటితే మేకలు కొరికేశాయి. రాగి రాలేదని నాన్న వేరుశనగ వేశాడు. అది మొదటి రెండేళ్ళు పండి, పీకినప్పుడల్లా వేళ్ళతో పాటు మట్టినీ లాక్కుపోయింది. ఆకు లేని, వేరు లేని నేల మీద పడిన వాన పైమట్టిని వంకలోకి ఈడ్చుకుపోయింది. ఏటేటా కొత్త రాళ్ళు తేలేవి. అవ్వ డెబ్బయ్యో ఏట మళ్ళీ రాళ్ళు ఏరడం మొదలుపెట్టింది. సాములు సంగటి చాలక ఎదగలేదు. వాడి కాళ్ళు చివరిదాకా పుల్లల మాదిరే ఉండేవి. ఆసుపత్రిలో చేరాక అలాంటి పిల్లల్ని వందలమందిని తూకం వేశాను, ఎవరిని వేసినా వాడే కనబడేవాడు.

అవ్వ పోయిన ఏడు నాకు పదహారు. సమాధి గుంటలో అందరం మూడేసి పిడికిళ్ళ మట్టి వేశాం. నాన్న ఆమె చేని నుంచి తట్టెడు తెప్పించాడు. నా పిడికిలి గుంట దాకా పోకముందే ఖాళీ అయింది. ఊరివాళ్ళు గుంట తవ్వడానికొచ్చినాయనకు దారి చెబుతూ, "ఆ రాళ్ల చేని పక్కనే" అన్నారు. ఆమె బతికుండగానే పాత పేరు తిరిగొచ్చిందని అప్పుడు తెలిసింది నాకు.

ఆ పిడకల పొగ వచ్చిన మరుసటి వారం మనవరాలిని పోరి కారులో మా ఊరికి తీసుకుపొమ్మన్నాను. మిట్ట ఉంది, గుడి కొత్తగా కట్టారు. చేను ఎవరో కౌలుకు చేస్తున్నాడు. టమాటా. వరసలన్నింటికీ ప్లాస్టిక్ కాగితం పరిచి, బెజ్జాల్లోంచి మొక్కలు, పక్కన నల్ల పైపులు. కాయలు ఎర్రగా, పెద్దగా ఉన్నాయి. బాగా పండించావు నాయనా అన్నాను.

"మందు మూటలు వేస్తేనేమ్మా. వారం మాన్తే ఆకు ఎర్రబడతాది. ఈ మట్టిలో ఏముండాది? మొక్క నిలబడేదానికి, అంతే."

కాగితం అంచు ఎత్తి పిడికెడు తీసుకున్నాను. నీళ్ళు పారుతున్న నేలే, తడిగానే ఉంది. గట్టిగా పిసికాను. ఈ వయసులో నా వేళ్ళలో బలం లేదనుకుని మనవరాలి చేతిలో పెట్టి పిసకమన్నాను. దాని చేతిలోనూ రాలిపోయింది. "ఏం చూస్తున్నావవ్వా?" అంది. చేతులు దులుపుకుని కారెక్కాం. మిట్ట దిగేటప్పుడు ఒళ్ళో పెట్టుకున్న నా రెండు చేతుల వైపు చూశాను. ఇంటి దగ్గర బయల్దేరేటప్పుడు మందులు, మంచినీళ్ళు, కళ్ళజోడు అన్నీ గుర్తుపెట్టుకుని తెచ్చుకున్నాను. చేనికి మాత్రం ఉత్త చేతుల్తో పోయి వచ్చాను.